నిప్పు రంగు తెలిసిన తెర

కర్సో పెద్దాయన కొలిమిలోంచి కాలిన కంచు బిళ్ళను పట్టకారుతో పైకి తీస్తున్నాడు. సరిగ్గా ఆ దృశ్యం దగ్గరే వెనింగ్ తన సినిమా కూర్చుకుంటున్న పాత ల్యాప్‌టాప్ నల్లబడి ఊరుకున్న సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. పదిహేనేళ్ళుగా సురబాయా నగరంలో ఇతరుల పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికిస్తూ బతికిన మనిషి ఆమె. తన పేరు మీద తీస్తున్న మొదటి సినిమా ఇదే. సుంబర్‌గంగ్సా ఊళ్ళో ఒకప్పుడు గాంగ్‌లు, అంటే పళ్ళెంలాంటి పెద్ద కంచు గంటలు, చేసే కొలుములు పదకొండు ఉండేవి. ఇప్పుడు మిగిలింది కర్సో కొలిమి ఒక్కటే. ఈ ఏడాది సంప్రదాయ కొలుములు మూడింటిని ఎంపిక చేసి అండగా నిలబడతామని కళామండలి ప్రకటించింది. ఆ ఎంపిక కోసం ఈ సినిమా మండలికి చేరడానికి పన్నెండు రోజుల గడువుంది. ఎంపిక కాకపోతే తాము సిమెంటు ఫ్యాక్టరీకి పోతామని కొలిమిలో సమ్మెట వేసే నలుగురూ ముందే చెప్పేశారు.

పాత ల్యాప్‌టాప్ ఇక లేవదని తేలిన మర్నాడే కర్సో కూతురు రత్మి పొద్దుటి బస్సు దిగింది. తీసిన వీడియోల రెండో నకలు ఊళ్ళో దాచి ఉంచిన రెండు హార్డ్‌డిస్కులను బతిక్ అద్దకం గుడ్డలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని ఆరు గంటలు ప్రయాణం చేసింది. ముప్పయ్యారేళ్ళ మనిషి. బొగ్గు మసి ఆమె గోళ్ళ కింద ఇంకిపోయింది, ఎంత కడిగినా పోదు. "సినిమా అయిపోకముందే నేనొకసారి చూడాలక్కా" అంది. ఎందుకో చెప్పలేదు. వెనింగ్ కూడా అడగలేదు. ఇద్దరూ కలిసి కంప్యూటర్ల బజారు మూడో అంతస్తు ఎక్కారు.

తోహిర్ కొట్టు ఆ అంతస్తు చివర ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే. ప్లాస్టిక్ సంచిలో పోసిన ఐసు టీని గొట్టంతో తాగుతూ, వచ్చినవాళ్ళను ముందు ఎగతాళి చేసి ఆ తర్వాత బేరంలోకి దిగడం ఆయన అలవాటు.

"నీకేం కావాలో ఒక్క ముక్కలో చెప్పక్కా. పెళ్ళిచూపులకొచ్చినట్టు అన్నింటినీ తిప్పి తిప్పి చూసి, చివరికి ఇంటికెళ్ళి చెప్తానంటే మాత్రం నేనొప్పుకోను."

"8కె వీడియో, తోహిరన్నా. పదకొండు గంటలుంది. చిన్న సైజు నకళ్ళు చేసుకుని కోయడం నాకు కుదరదు. అసలు బొమ్మ మీదే పని చెయ్యాలి. మధ్యలో ఆగకూడదు."

"అయితే ఇంకో మాటే లేదు. ఇదిగో."

ఆయన తిప్పి చూపించిన ల్యాప్‌టాప్ నల్లగా, సన్నగా, కత్తిలా ఉంది. మూత తీస్తే మీటల కింద ఏడు రంగులు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. రాత్రి సంతలో రంగులరాట్నం చూసినట్టే ఉంది.

"ఈ వారంలో నాలుగు పోయాయి. గ్రాఫిక్స్ కార్డు చూడు, తెర చూడు. కళ్ళు జిగేల్మంటాయి."

"కళ్ళు జిగేల్మనడానికి కాదన్నా నేనొచ్చింది" అంది వెనింగ్. "మెమరీ అరవై నాలుగుందా? తర్వాత పెంచుకోవచ్చా, లేక బోర్డుకే అతికించేశారా? ఛార్జరు తీసేస్తే వేగం సగానికి పడిపోతుందా? అన్నింటికన్నా ముఖ్యం, వేడెక్కితే ఏం చేస్తుంది? మొదటి పది నిమిషాలు ప్రతి మిషనూ పరుగెడుతుంది. నలభయ్యో నిమిషంలో ఎలా ఉంటుందో నాకు చూపించు."

తోహిర్ గొట్టం నోట్లోంచి తీశాడు. "నలభై నిమిషాలు ఇక్కడే కూర్చుంటావా?"

"అవసరమైతే సాయంత్రం దాకా."

ఆయన స్టూలు లాగి వేశాడు. అడగాల్సింది తెలిసిన మనిషి కొట్టుకొచ్చి చాలా రోజులైందని ఆయన ముఖమే చెప్పింది.

వెనింగ్ హార్డ్‌డిస్కు తగిలించి, తెచ్చుకున్న దృశ్యం తెరిచింది. తలుపులూ కిటికీలూ మూసిన కొలిమి. కంచు ఎంత కాలిందో దాని రంగును బట్టే తెలియాలి కాబట్టి కొలిమిని ఎప్పుడూ చీకటిగానే ఉంచుతారు. ఆ చీకటి నడుమ బొగ్గుల్లో కంచు బిళ్ళ వెలుగుతోంది. తెర మీద అది ఎర్రగా, నిగనిగలాడుతూ, పండగ దీపంలా ఉంది.

"చూశావా" అన్నాడు తోహిర్ గర్వంగా.

అంతవరకూ వెనక నిలబడి ఉన్న రత్మి ముందుకు వంగింది. "ఇది మా కొలిమి కాదు."

"మీదే రత్మీ. నేనే తీయించాను."

"కొలిమి మాదే కావొచ్చు, నిప్పు మాది కాదక్కా. కంచు ఇంత ఎర్రగా ఉన్నప్పుడు సమ్మెట పడితే పెంకులా పగులుతుంది. నాన్న ఈ రంగులో దాన్ని బయటికే తియ్యడు."

తోహిర్ నవ్వాడు. "అమ్మా, తెర మంచిదైతే రంగు బాగా కనిపిస్తుంది. మీ ఊళ్ళో టీవీలో చూసినట్టు ఉండదు మరి."

"బాగా కనిపిస్తోంది. ఉన్నట్టు కనిపించడం లేదు." రత్మి గొంతు పెంచకుండానే అంది. కాస్త ఆగి తల పక్కకు వంచింది. "దీంట్లో గాలి పంకాలు రెండున్నాయా?"

"రెండున్నాయి. ఏం?"

"రెండూ ఒక శ్రుతిలో లేవు. ఎడమవైపుది దేనికో రాసుకుంటోంది."

వెనింగ్ మిషను దగ్గర చెవి పెట్టి విన్నది. హోరు తప్ప ఏమీ వినిపించలేదు. తోహిర్ కూడా విని పెదవి విరిచాడు. "కొత్త మిషనమ్మా, పెట్టెలోంచి తీసి వారం కాలేదు." అయినా ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. మిషన్ని ఆపి, బోర్లించి, అడుగు రేకు మరలు విప్పాడు. ఎడమ ఫ్యాను అంచున వెంట్రుకంత సన్నని ప్లాస్టిక్ పీలిక ఒకటి, పైన అంటించి వచ్చే పలుచటి పొర తాలూకుది, రెక్కలకు తగులుతోంది.

ఆయన దాన్ని సన్న పట్టకారుతో లాగి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"నాన్న కొలిమిలో బొగ్గు ఏరతాను" అంది రత్మి.

ఆ తర్వాత తోహిర్ ఎగతాళి మానేశాడు. లోపలికెళ్ళి అల్మరా కింది అరలోంచి బూడిద రంగు ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. మందంగా, బరువుగా, ఏ అలంకారమూ లేకుండా ఉంది. "దీన్నెవరూ చూడరక్కా. ఇటుకలా ఉంటుందంటారు. మెరవదు, మీటల కింద దీపాలు కూడా తెల్లవే. కానీ మెమరీ నువ్వడిగినంతా ఉంది, ఇంకా వేసుకోవచ్చు. లోపల డిస్కులకు రెండు ఖాళీ గదులున్నాయి. తెర ఉన్న రంగే చూపిస్తుంది, తన సొంత రంగు కలపదు. ఇంజనీర్లు కొంటారు, ఆసుపత్రుల వాళ్ళు కొంటారు. అందం కోసం వచ్చేవాళ్ళకు నేనిది చూపించను."

వెనింగ్ అదే దృశ్యం మళ్ళీ పెట్టింది. ఈసారి కొలిమి చీకటి నల్లసిరా పూసినట్టు లేదు. అందులో పొగ ఉంది, పొగ వెనక గోడ ఉంది, గోడకు ఆనించిన వెదురుబుట్ట ఉంది. కంచు బిళ్ళ మొదట ముదురు ఎరుపులో ఉండి, మెల్లగా తేరుకుని, పండిన బొప్పాయి లోపలి రంగుకు వచ్చింది.

రత్మి చెయ్యి తనంతట తానే పైకి లేచింది. "ఇప్పుడు" అంది మెల్లగా. "ఇప్పుడు వెయ్యాలి."

తెర మీద ఆ క్షణానే నాలుగు సమ్మెటలు ఒకదాని తర్వాత ఒకటి దిగాయి.

వెనింగ్ తన ఉద్యోగ జీవితంలో రంగులు సరిదిద్దే మనుషులను చాలామందిని చూసింది. గ్రాఫులు చూసి, కొలతలు చూసి, కళ్ళజోళ్ళు మార్చుకుని, గంటల తరబడి తర్కించేవాళ్ళు వాళ్ళు. చేతి కదలికతో తెరకు మార్కులు వేసిన మనిషిని మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

నలభై నిమిషాల పరీక్ష మొదలైంది. ఇరవై నిమిషాల 8కె దృశ్యాన్ని మొత్తం రంగులు వేసి, పూర్తి సైజులో బయటికి తీయమని మిషనుకు అప్పగించింది వెనింగ్. అది ఒకవైపు నడుస్తుండగానే ఇంకో దృశ్యం తెరిచింది. రెండు పనులూ ఒకేసారి మోయగలదో లేదో చూడాలి కదా.

ఆ రెండో దృశ్యం గాంగ్‌కు శ్రుతి పెట్టేది. సాగగొట్టడం పూర్తయ్యాక, చల్లారిన గాంగ్‌ను తాడుకు వేలాడదీసి, పెద్ద కంచరి ఒక్కడే చిన్న సుత్తి పట్టుకుని కూర్చుంటాడు. ఒక దెబ్బ వేస్తాడు, వింటాడు, మళ్ళీ ఒక దెబ్బ వేస్తాడు. ఆ సుత్తిని శ్రుతి సుత్తి అంటారు. ఒక్క దెబ్బ ఎక్కువైతే రెండు నెలల పని మట్టి. కర్సో శ్రుతి పెట్టిన గాంగ్ అంటే తోలుబొమ్మలాట మేళాలవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకెళ్తారు. సినిమాకు గుండెకాయ లాంటి దృశ్యం అది. ఒక కెమెరా పెద్దాయన ఎదురుగా, ఇంకొకటి నేల మీద ఓ మూల పెట్టి తీశారు. మూల కెమెరాలోది తన పాత తెర మీద అంతా చీకటిగా ఉండేది కాబట్టి వెనింగ్ దాన్ని ఎప్పుడూ శ్రద్ధగా చూడలేదు.

ఈ తెర మీద నీడల్ని కొంచెం పైకి లేపింది. నేల మీద పరిచిన చాప కనిపించింది. చాప మీద పెద్దాయన పాదాలు. వాటి వెనక, బుట్ట ముందేసుకుని బొగ్గు ఏరుతున్న రత్మి. చాచిన ఆమె కుడికాలి బొటనవేలు పెద్దాయన మడమకు ఆని ఉంది.

వెనింగ్ బొమ్మను పెద్దది చేసింది. అంత పెద్దది చేసినా గోటి మీది మసి కూడా స్పష్టంగా ఉంది. వేలు ఒకసారి నొక్కింది. పెద్దాయన సుత్తి వేశాడు. వేలు రెండుసార్లు నొక్కింది. ఆయన గాంగ్‌ను కొంచెం తిప్పి ఇంకో చోట వేశాడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. చివర్లో వేలు చాలాసేపు అలాగే అదిమి ఉంచింది. పెద్దాయన సుత్తి కింద పెట్టేశాడు.

తోహిర్ కూడా చూశాడు. ఆయనకు గాంగ్‌ల సంగతి తెలియకపోయినా మనుషుల సంగతి తెలుసు. మెల్లగా లేచి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "మధ్యాహ్నం నమాజుకు వేళైంది. కొట్టు మీ ఇద్దరి చేతుల్లో ఉంది. ఎవరైనా వస్తే తోహిర్ లేడని చెప్పండి." గాజు తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

వెనింగ్ దృశ్యాన్ని ఆపింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"దేని గురించక్కా?"

"రత్మీ."

రత్మి బతిక్ గుడ్డను మోకాళ్ళ మీద పరిచి మడతలు పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు మడతలయ్యాక అంది, "ఎనిమిదేళ్ళు."

"పెద్దాయనకు అసలేమీ వినపడదా?"

"మొదట చిన్న మోతలు పోయాయి. తర్వాత పెద్దవి. సమ్మెట పక్కన యాభై ఏళ్ళు నిలబడ్డాడు, ఏ చెవి మాత్రం నిలుస్తుంది? ఒకరోజు పెద్ద గాంగ్ ఒకటి శ్రుతికి కూర్చున్నాడు. కొట్టాడు. దాని మోత మూడిళ్ళ అవతలిదాకా వెళ్ళింది. ఆయన వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. ఎలా ఉందని అడుగుతున్నాడనుకున్నాను. కాదక్కా. మోగిందా అని అడుగుతున్నాడు."

"ఆ రోజు కాలు చాపాను. ఇంకా తియ్యలేదు" అంది రత్మి. ఆ వెంటనే గొంతు గట్టిపడింది. "అది తీసెయ్ అక్కా. దానికోసమే వచ్చాను. మూల కెమెరా ఏం చూసిందోనని రెండు నెలలుగా నిద్ర లేదు నాకు."

"తీసెయ్యడం నాకు నిమిషం పని."

"అయితే తీసెయ్."

"తీసేస్తే ఆ గాంగ్‌ను ఎవరు శ్రుతి చేశారని చెప్తుంది నా సినిమా?"

"నాన్న."

"అది అబద్ధం కదా."

"నువ్వు పెళ్ళి వీడియోల్లో ఏడ్చిన పెళ్ళికూతుర్ని కోసేసి నవ్విన పెళ్ళికూతుర్ని పెడతావు. అప్పుడు నీకు నిజం గుర్తురాలేదా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వెనింగ్ తల వంచుకుంది. రత్మి ఆగలేదు.

"ముప్పయ్యేడు గాంగ్‌లు అక్కా, ఈ ఎనిమిదేళ్ళలో. మా దగ్గర ఆడవాళ్ళు కొలిమిలో బొగ్గు ఏరొచ్చు, నీళ్ళు మొయ్యొచ్చు. శ్రుతి దగ్గర మాట్లాడకూడదు. ఆడదాని చెవి ఒప్పిన గాంగ్ అని తెలిస్తే ఎన్ని మేళాలవాళ్ళు తిప్పి పంపుతారు? కర్సో చెవిటివాడై ఉండి ఊరిని మోసం చేశాడంటారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఆ మాట విని బతకలేడు."

"తెలిసినంత మాత్రాన వాటి మోత మారిపోతుందా?"

"మోత మారదు. వినేవాళ్ళు మారతారు."

వెనింగ్ కుర్చీ పక్కకు జరిపి, మౌస్‌ను రత్మి వైపు తోసింది. "కాలు నీది. కాబట్టి మాట కూడా నీదే. ఇక్కడ నొక్కితే ఈ ముక్క పోతుంది. నేను అడ్డం రాను. కానీ పోయే ముందు ఎదుటి కెమెరాలోది కూడా ఒక్కసారి చూడు. రెండూ పక్కపక్కన పెడతాను."

తెర రెండు సగాలైంది. ఎడమవైపు చాప మీద పాదాలు, కుడివైపు కర్సో ముఖం. వేలు నొక్కినప్పుడల్లా ఆ ముఖంలో ఏం జరుగుతుందో ఆ తెర ఒక్క ముడత కూడా వదలకుండా చూపించింది. ప్రతి దెబ్బకూ ముందు ఆయన ఊపిరి బిగబడుతోంది. దెబ్బ పడ్డాక ఆయన గాంగ్ వైపు చూడడం లేదు. కళ్ళు మూసుకుని, గడప దగ్గర ఎవరి అడుగుల చప్పుడు కోసమో ఎదురుచూసే మనిషిలా ఉంటున్నాడు. చివర వేలు అదిమిపెట్టినప్పుడు ఆయన పెదవులు వణికి, అటు తర్వాత చిన్న నవ్వుగా మారాయి. బిడ్డకు మొదటి అక్షరం వచ్చిన రోజున తండ్రి నవ్వే నవ్వు అది.

రత్మి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"నేనెప్పుడూ ఆయన వెనకే కూర్చుంటాను" అంది. "ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఈ మొహం చూడలేదు."

ఆమె ఏడవలేదు. ఫోను తీసి ఆ తెరకు ఫోటో తీసింది. పాదాలూ ముఖమూ రెండూ వచ్చేలా. దాన్ని తండ్రికి పంపి, కింద నిదానంగా టైపు చేసింది: "నాన్నా, వీళ్ళకు కనిపించింది. ఏం చెయ్యమంటావు?"

తోహిర్ తిరిగి వచ్చేసరికి పరీక్ష పూర్తయింది. నలభై రెండు నిమిషాలు. వేగం ఎక్కడా తగ్గలేదు, బొమ్మ ఎక్కడా తడబడలేదు. వెనింగ్ మీటల మీద అరచెయ్యి ఆనించి చూసింది. తాగడానికి వీలైన టీ గ్లాసంత వేడి, అంతే.

"ఇదేనన్నా" అంది.

"తెలుసు" అన్నాడు తోహిర్. రత్మి ముందు కూర్చున్నాడు. "అమ్మా, ఇందాక మీ ఊరి టీవీ గురించి ఓ మాట అన్నాను, మనసులో పెట్టుకోకు. తెర రంగు సరైందో కాదో చెప్పడానికి నా దగ్గర కొలిచే పరికరముంది. నువ్వు బిళ్ళను చూసి చెప్పిందే అది కూడా చెప్పింది, రెండు మిషన్ల మీదా. ఈ రెండు రకాలనూ పోయిన నెలే కొలిచి పెట్టుకున్నాను. అయినా మెరిసేదాన్నే అమ్ముతున్నాను, జనం అదే అడుగుతున్నారని." ఆయన అల్మరా తెరిచి మెమరీ ముక్క ఒకటి తీశాడు. "దీన్ని డబ్బు తీసుకోకుండా నేనే బిగిస్తాను. ఆ కొలిమి సినిమా నా కొట్లోంచి వెళ్ళిన మిషను మీద తయారైందని రేపు నేనూ చెప్పుకోవాలి కదా."

ఆయన మరలు విప్పుతుండగా రత్మి ఫోను వెలిగింది. కర్సో ఎవరికీ ఫోను చెయ్యడు, ఎందుకు చెయ్యడో ఇప్పుడు వెనింగ్‌కు తెలుసు. అన్నీ రాసే పంపుతాడు. రత్మి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఫోను వెనింగ్ చేతికిచ్చింది.

"మంచి బొమ్మ. దాన్ని తీసెయ్యొద్దని చెప్పు. దాచింది చాలు. ఆదివారం పొద్దున కొలిమి దగ్గరికి మేళాల పెద్దల్ని రమ్మని ఇప్పుడే కబురు పంపాను. పెద్ద గాంగ్ సిద్ధంగా ఉంది. వాళ్ళందరి ముందు దాని శ్రుతి నువ్వే పెడతావు. సినిమా అక్కను కెమెరాతో రమ్మను. ఈసారి నేను నీ వెనక కూర్చుంటాను."

వెనింగ్ గుండె ఉప్పొంగింది. సినిమాకు ఇంతకంటే గొప్ప ముగింపు ఏముంటుంది? ఆదివారానికి మూడు రోజులుంది, తెల్లవారుజామునే బయలుదేరొచ్చు, ఈ కొత్త మిషను మీద అక్కడికక్కడే కోసి చూసుకోవచ్చు. లెక్కలు వేసుకుంటూ తలెత్తి చూస్తే, రత్మి తన రెండు అరచేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఏమైంది? ఇన్నాళ్ళూ నువ్వు చేసిన పనే కదా."

"చెవి నాది అక్కా" అంది రత్మి. "చెయ్యి ఎప్పుడూ ఆయనదే. నేనింతవరకూ ఆ సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు."